లెక్కలో లేని గురువారాలు

(పదిహేనో భాగం)

"సంతకం పెడితే నీ సొమ్మేం పోయిందే?"

అత్తగారు ఈ మాట అడగడం ఆ ఉదయానికి నాలుగోసారి.

టేపక్క పరదా గుడ్డ పరిచి మిషను తొక్కుతూనే ఉంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు కాబట్టి వీధివాళ్ళందరికీ ఆమె టేపక్కే. మిషను పక్కన, కత్తెర కింద, ఆ కాగితం సోమవారం నుంచీ అలాగే పడి ఉంది. ఈరోజు బుధవారం. శనివారం సాయంత్రం సభ.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఈ వారం ఆ ఇంటికి అచ్చంగా సరిపోయింది. తొమ్మిదేళ్ళుగా జీతం లేకుండా వాలంటీర్ పోలీసుగా పనిచేసినందుకు ఆమె భర్తకు పతకం ఇస్తున్నారు. వీధి చివర బ్యానరు కట్టారు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలకంటే ముందు అభినందనలు ఇచ్చి పోతున్నారు. ఇక్కడేమో సంతకం దగ్గర బండి ఆగిపోయింది.

ఆ సంతకం కొత్త ఇన్‌స్పెక్టర్ మేడం పెట్టిన పద్ధతి. వాలంటీర్లు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో పట్టిక రాసి ఇంటికి పంపుతుంది. అడుగున అచ్చువేసిన ఒక వాక్యం: 'ఈ గంటలు మీ ఇంటి నుంచి మేము తీసుకున్నవి. ఇచ్చినవారు సరిచూసి సంతకం చేయవలెను.' మంచి మాటే. సరిచూడమనడమే కొంప ముంచింది.

టేపక్క సరిచూసింది. పట్టికలో సోమవారాలు ఉన్నాయి, బడి ముందు రోడ్డు దాటించిన గంటలు. శనివారాలు ఉన్నాయి, స్టేషను బల్ల దగ్గర కూర్చున్న గంటలు. ఆదివారాలు, వంతెన దగ్గర. గురువారం మాత్రం ఒక్కటి కూడా లేదు.

కానీ గురువారం మధ్యాహ్నం మూడు దాటేసరికి అతను తన కళ్ళజోళ్ళ దుకాణం మూసి, ఇంటికొచ్చి, యూనిఫాం వేసుకుని, టోపీ సర్దుకుని వెళ్తాడు. ఆరు దాటాక వస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

"మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా," అంది టేపక్క దారం పళ్ళతో తెంపుతూ. "నేనడిగితే గోడకి చెప్పినట్టే ఉంది."

అతను అప్పుడే గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. చెవి కింద ఇంకా నురగ ఉంది. ఊళ్ళో అతన్ని అద్దాలాయన అంటారు.

"ఏరా, ఆ గురువారం సంగతేదో చెప్పెయ్యరాదూ," అంది తల్లి. "నాకు శనివారానికి కొత్త చెప్పులు కూడా కొనాలి."

"డ్యూటీకి వెళ్తున్నానమ్మా."

"పట్టికలో లేదండీ," అంది టేపక్క.

"రాయడం మర్చిపోయి ఉంటారు."

"తొమ్మిదేళ్ళూ మర్చిపోయారా? ఏడాదికి యాభై గురువారాలు. పొరపాటున ఒక్కటన్నా పడకూడదూ?"

అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మాట తోచనప్పుడల్లా అతనికి ఆ అలవాటు. ఈ మూడు రోజుల్లో ఆ అద్దాలు అరిగిపోయేంత తుడిచాడు.

అత్తగారికి మౌనం పడదు. వెంటనే గోడ వైపు తిరిగింది. "సభలో పెద్ద ఫోటో పెడతారట కదా. ఇదిచ్చేద్దాం. ఎంత బాగుంటావో ఇందులో."

మిషనుకి పైన వేలాడుతున్న ఫోటో అది. కొత్త యూనిఫాంలో అతను, పక్కన టేపక్క, మధ్యలో కుర్చీలో అత్తగారు. అతని టోపీ కాస్త వంకరగా ఉంది. ముఖాన చెమట.

"యూనిఫాం వచ్చిన మూడోరోజు," అని అత్తగారు వందోసారి మొదలుపెట్టింది. "స్టూడియో వాడు ఐదింటికి కట్టేస్తానన్నాడు. నీ పెళ్ళాం ఊరుకుంటుందా? నాలుగింటికి ఏకంగా పోలీస్ స్టేషనుకే ఫోన్ కొట్టింది. వస్తారా, నన్నే వచ్చి అరెస్టు చెయ్యమంటారా అంది. పాపం రొప్పుకుంటూ వచ్చావు."

ఎప్పుడు ఈ కథ చెప్పినా టేపక్కకు నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

"ఆ ఫోటో వద్దమ్మా," అన్నాడు అతను.

"ఎందుకురా? బంగారంలా ఉంటేనూ."

"వద్దంటే వద్దు!"

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు. మిషను చక్రం కూడా ఆగింది.

అతనే ముందు తేరుకున్నాడు. మిషను దగ్గరికొచ్చి, కత్తెర పక్కకి జరిపి, కాగితం మీద వేలు పెట్టాడు. "నువ్వు సంతకం పెట్టకు. మంచిదే. నాకా పతకం వద్దు. చించి పారెయ్."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. చెవి కింద నురగ అలాగే ఉంది.

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు తలుపు వైపు చూస్తోంది. వారం కిందటి దాకా పతకం మాట ఎత్తితే సిగ్గుపడుతూనే మురిసిపోయిన మనిషి. పోయిన గురువారం తిరిగొచ్చినప్పటి నుంచి అన్నం కెలికి లేచిపోతున్నాడు. ఆ రోజైతే చేతులు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చుండిపోయాడు. అక్కడ ఏదో జరిగింది. అక్కడ అంటే ఎక్కడ?

"నిప్పు లేనిదే పొగ రాదు అత్తయ్యా," అంది టేపక్క. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

* * *

పదకొండింటికి స్టేషనులో ఉంది.

ఇన్‌స్పెక్టర్ మేడం గదిలో గోడకు ఒక బోర్డు ఉంది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. దాని మీద పేర్లకు ఎదురుగా వాళ్ళ పనులు రాసి ఉన్నాయి. కుళాయిలు బాగుచేసేవాడు, లెక్కల టీచరు, బస్సు డ్రైవరు, నర్సు, కళ్ళజోళ్ళవాడు. అందరూ వాలంటీర్లే.

"రండి రండి, సంతకం తెచ్చారా?" అంది మేడం లేచి నిలబడి. "మీరు పెట్టకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. ఈ సభ కోసం ఎన్ని మెట్లెక్కి దిగానో. ఉద్యోగులకు పతకాలున్నాయి, వీళ్ళకేమిటమ్మా, ఊరికే వచ్చి చేస్తున్నారు కదా అన్నారు. ఊరికే చేస్తున్నారు కాబట్టే ఇవ్వాలన్నాను."

టేపక్క కుర్చీ అంచున కూర్చుంది. "మా ఆయన అంతగా ఏం చేశారండీ?"

ఆ ప్రశ్న వెనక ఏముందో మేడంకి తెలియదు. మురిపెంగా చెప్పుకుపోయింది. "వంతెన మీద లారీ అడ్డం తిరిగిన రోజు మూడు గంటలు వానలో నిలబడి బళ్ళు తిప్పి పంపింది ఆయనే. బడి పిల్లలందరి పేర్లూ తెలుసు. ఇక మనుషులు తప్పిపోయారని ఎవరైనా వస్తే, డ్యూటీ ఉన్నా లేకపోయినా దిగిపోతారు. ఇప్పటికి పద్నాలుగు మందిని వెతికి ఇళ్ళకి చేర్చారు. ఓసారి మా కానిస్టేబులు ఒకావిడతో రేపు చూద్దాం అన్నాడు. మీ ఆయన అతని మీద ఎంత లేచారనుకున్నారు! అంత నెమ్మదైన మనిషికి అంత కోపం ఉంటుందని అప్పుడే చూశాను."

టేపక్కకు మనసులో ఎక్కడో గర్వం కదిలింది. దాన్ని అక్కడే అణచుకుంది. గర్వపడడానికి వచ్చింది కాదు.

"అన్నీ రాశారు గానీ మేడం," అంది కాగితం బల్ల మీద పరుస్తూ, "గురువారాలు వదిలేశారు."

"గురువారాలా? ఆయనకి గురువారం డ్యూటీ లేదు కదా."

"లేదా?"

"మొదటి ఏడాదే రాసిచ్చారు. గురువారం మాత్రం వెయ్యొద్దు, ఆరోజు మధ్యాహ్నం నుంచి ఇంట్లో ఉండాలి అని. ఆయన ఫైల్లో ఇప్పటికీ ఉంది." మేడం నవ్వింది. "ఇంటిమీద అంత ప్రేమ ఉన్న మనిషిని..."

"ఇంట్లో ఎక్కడండీ! ప్రతి గురువారం యూనిఫాం వేసుకుని ఇక్కడికేగా వచ్చేది!"

అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అన్నది ఏమిటో మేడం ముఖం చూశాక గానీ ఆమెకు తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా కూర్చుంది. ముఖంలో నవ్వు పోయి ఉద్యోగం వచ్చింది. "యూనిఫాం వేసుకునా?"

"అంటే... ఒక్కోసారి... నాకు సరిగా గుర్తులేదు."

"ఇప్పుడేగా ప్రతి గురువారం అన్నారు."

"దర్జీదాన్నండీ. బట్టలు చూసి ఏదో అన్నాను."

"చూడండమ్మా. మా రిజిస్టరులో పడకుండా ఈ బట్టలు వేసుకుని ఊళ్ళోకి వెళ్ళడం మాకు చిన్న తప్పు కాదు. ఈ బట్టలు చూసి జనం తలుపులు తీస్తారు. లోపలికి రమ్మంటారు. చెప్పకూడనివి కూడా చెప్పేస్తారు." మేడం గొంతు తగ్గించింది. "తొమ్మిదేళ్ళుగా ఆయన ఎవరి తలుపు తట్టారు?"

టేపక్క కాగితం వైపు చూసింది. అదే ప్రశ్న అడగడానికి తను వచ్చింది. ఇప్పుడు అదే తనని అడుగుతున్నారు.

"సాయంత్రంలోగా యూనిఫాం ఇక్కడికి రావాలి. శుక్రవారం సాయంత్రానికి నాకు సంగతి తెలియాలి. తెలియకపోతే శనివారం ఆయన పేరు పిలవను. బోర్డు మీద కూడా ఉంచను." మేడం కాగితం తిరిగి ఆమె వైపు జరిపింది. "ఒక్కరి మీద మచ్చ పడితే ఇంకెవరూ వీళ్ళని లోపలికి రానివ్వరు. నా బాధ కూడా అర్థం చేసుకోండి."

టేపక్క స్టేషను మెట్లు దిగింది. మొగుడు అబద్ధమాడాడు. ఇంట్లో డ్యూటీ అన్నాడు, డ్యూటీలో ఇల్లు అన్నాడు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. అతన్ని చేతులారా పట్టిచ్చింది తనే.

* * *

"నేనే ఇచ్చొస్తాను," అన్నాడు అతను సాయంత్రం. యూనిఫాం తెచ్చివ్వమని స్టేషను నుంచి ఫోను అప్పటికే దుకాణానికి వచ్చింది.

కేకలు వేస్తాడని అనుకుంది. వేస్తే బాగుండేది. తనూ నాలుగు వేసేది. అతను కొక్కెం మీంచి చొక్కా తీసి, మంచం మీద పరిచి, గుండీలు పెట్టడం మొదలుపెట్టాడు.

"నేను అడగడానికి వెళ్ళాను. చెప్పడానికి కాదు," అంది టేపక్క.

"తెలుసు."

"తెలుసని ఊరుకుంటారేం? తిట్టండి."

"ఎందుకు తిట్టాలి? ఉన్నదే చెప్పావు."

"అయితే మీరూ ఉన్నది చెప్పండి. ఎవరావిడ?"

చివరి గుండీ దగ్గర అతని వేళ్ళు ఆగాయి. అంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

"ఆవిడ అని ఎలా అనుకున్నావు?"

"ఇటివ్వండి." ఆమె చొక్కా లాక్కుని కుడి చేతిని తిరగేసింది. "ఇది చూడండి. మోచెయ్యి దగ్గర గుడ్డ పల్చబడింది. అంచుకి సిరా. రోడ్డు మీద నిలబడి చేసే పనికి మోచెయ్యి అరగదండీ. బల్ల మీద ఆనించి కూర్చుంటే అరుగుతుంది. కొత్త చొక్కా కుట్టిన ప్రతిసారీ అక్కడే చిరుగుతోంది. స్టేషనులో రాతపనేమో అనుకున్నాను. అతుకు వేసి మళ్ళీ ఇచ్చాను. నాలుగు చొక్కాలకి వేశాను. పిచ్చిదాన్ని."

చొక్కా మీదికి వంగింది. దుఃఖం కనబడకుండా జేబులు తడమసాగింది. ఉతికే ముందు జేబులు చూడడం ఆమె చేతులకు అలవాటు.

లోపలి జేబులో ఒక చీటీ తగిలింది.

అతని దుకాణం చీటీయే. అద్దాలకు ఆర్డరు ఇచ్చినప్పుడు రాసేది. రెండు నెలల కిందటి తేదీ. అద్దాల నంబర్లు, పలచటి ఫ్రేము, అడుగున అతని గుండ్రటి చేతిరాత: పాత అచ్చాఫీసు మేడమీద. పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. 'స్త్రీ' అన్న చోట మాత్రం టిక్కు ఉంది.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఏదో ఒకటి అనకుండా ఉండలేని మనిషి. ఏమీ అనలేదు. ఆ మౌనమే టేపక్కను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. కన్నతల్లి కూడా కొడుకుని అనుమానిస్తోంది.

"పేరు కూడా రాయలేదు," అంది టేపక్క. "అంత దాచుకోవాల్సిన పేరా?"

అతను చీటీ కోసం చెయ్యి చాచలేదు. చొక్కా మడిచాడు. ప్యాంటు మడిచాడు. వాటి మీద టోపీ పెట్టాడు.

"నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నేను చెప్పలేదే!"

"రేపు వెళ్ళొచ్చి అంతా చెప్తాను."

"రేపా? రేపు గురువారం. యూనిఫాం లేకుండా కూడా వెళ్తారా?"

"వెళ్తాను."

"నేను వద్దంటే?"

అతను బట్టల దొంతర చేతుల్లోకి తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెతో బతిమాలుకునే గొంతుతో మాట్లాడాడు. "నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు మాత్రం అక్కడికి రాకు."

రావద్దు అన్నాక ఆగే ఆడది ఎక్కడైనా ఉందేమో గానీ, ఆ ఇంట్లో లేదు.

* * *

పాత అచ్చాఫీసు మూసి చాలా ఏళ్ళయింది. కింద తలుపులకు తుప్పు పట్టిన గొలుసు. పక్కనుంచి ఇనప మెట్లు. మూడున్నరకే వచ్చింది టేపక్క. అతను వచ్చేలోగా ఆవిడ ముఖం చూడాలి. ఎంత వయసో, ఎంత రంగో, ఏ ధైర్యంతో పరాయి మొగుణ్ణి వారం వారం కూర్చోబెట్టుకుంటోందో చూడాలి. అడగాల్సినవి మెట్లు ఎక్కుతూ వరసలో పెట్టుకుంది.

తలుపు తీసినావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి.

నిలబడడానికి గోడ పట్టుకుంది. ముఖం మీద పలచటి ఫ్రేము కళ్ళజోడు. దాంట్లోంచి టేపక్క ముఖాన్ని కాదు, మెడలో వేలాడుతున్న టేపుని చూసింది.

"ఆ చొక్కాలు కుట్టేది నువ్వేనామ్మా?" అంది. "మోచేతి దగ్గర అతుకు ఎంత సన్నంగా వేస్తావు! కళ్ళు బాగయ్యాక మొదట చూసింది అదే. లోపలికి రా."

వరసలో పెట్టుకున్న ప్రశ్నలన్నీ గుమ్మంలోనే చెదిరిపోయాయి.

ఒక్క గది. ఒక మంచం, ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. బల్ల మీద ఏడు నోటుపుస్తకాలు. గోడకు ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఫోటో.

"మా అమ్మాయి. బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. పొద్దుటి షిఫ్టు అయిపోయి మధ్యాహ్నానికి రావాలి. తొమ్మిదేళ్ళయింది, ఇంకా రాలేదు." పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. "మీ ఆయన వచ్చి రాసుకుని వెళ్తాడు."

"ఏమిటి రాసుకునేది పెద్దమ్మా?"

"కంప్లైంటు. ప్రతి గురువారం మొదట్నుంచీ చెప్తాను. ఏ రంగు బట్టలు, ఏ దారిన వెళ్ళింది, ఎవరితో మాట్లాడేది. ఒక్కోసారి కొత్తది ఏదైనా గుర్తొస్తుంది. రాసుకుని ఊరుకోడు, వారమంతా అక్కడ వెతికొస్తాడు. ఆ బట్టల్లో వస్తేనే నేను చెప్పేదాన్ని. మామూలు బట్టల్లో వస్తే చుట్టంలా ఉంటుంది. చుట్టాలు ఓదార్చి వెళ్ళిపోతారు. నాకు ఓదార్పు వద్దు, పోలీసు కావాలి అన్నాను."

టేపక్క నిలబడే ఉంది. మూడు రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగింది. ఎంత తేలికపడిందంటే, ఒక తల్లి కడుపుకోత వింటూ తేలికపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన నాతో ఒక్క మాట చెప్పలేదు," అంది. "స్టేషనులోనూ చెప్పలేదు. ఇంత మంచి పనికి దాపరికం ఎందుకు?"

"మంచి పనా?" పెద్దావిడ పై నోటుపుస్తకం తెరిచి ఆమె ముందుకు తోసింది. "ఇక్కడ చదువు."

గుండ్రటి చేతిరాత. టేపక్క పైకే చదివింది.

"గురువారం సాయంత్రం నాలుగు గంటలకు నేను స్టేషనుకు వెళ్ళాను. బల్ల దగ్గర ఒక వాలంటీరు ఒక్కడే ఉన్నాడు. మా అమ్మాయి రాలేదని చెప్పాను. అతను కలం తీసి పేరు రాయడం మొదలుపెట్టాడు. పెద్దపిల్లే కదా, వచ్చేస్తుంది, రేపు రండి అన్నాడు. ఆ వాలంటీరును నేనే."

ఆ చివరి వాక్యం మాత్రం అతనిది. కింద అతని సంతకం.

"ఐదున్నరకి రైల్వే స్టేషన్లో చూశామని తర్వాత చెప్పారు," అంది పెద్దావిడ. "పక్కన ఎవడో ఉన్నాడట. నాలుగింటికే కబురు వెళ్ళుంటే దొరికేదేమో. దొరికేది కాదేమో. ఆ 'ఏమో' దగ్గరే ఉండిపోయాను. వారం తర్వాత మీ ఆయన ఈ మెట్లెక్కి వచ్చి, ఆ వాలంటీరును నేనే అన్నాడు. తలుపు వేసేశాను. తర్వాతి గురువారం మళ్ళీ వచ్చాడు. ఎన్నిసార్లని వేస్తాను?"

టేపక్క పేజీలు తిప్పింది. ప్రతి పేజీలో అదే కథ. ప్రతి పేజీలో ఆ వాక్యం, ఆ సంతకం. నాలుగు వందలసార్లు తన తప్పు తాను రాసుకున్నాడు. ఈ చేతికా తను అతుకులు వేసింది? ఏడుపొచ్చింది. వెళ్ళి సభలో నిలబడి చెప్తాను, మేడంకి చెప్తాను, ఇవాళే సంతకం పెడతాను అనుకుంది.

అప్పుడు కనబడింది. ప్రతి పేజీలో ఒకే చోట, అంచున, పెన్సిల్‌తో చిన్న గుర్తు.

"ఇదేమిటి పెద్దమ్మా?"

"అది నాది. ముప్పై ఏళ్ళపాటు ఈ కింది అచ్చాఫీసులో ప్రూఫులు చూసి తప్పులు దిద్దాను. అక్కడ లైను ఎగిరిపోయిందని గుర్తు." పెద్దావిడ కళ్ళజోడు సరిచేసుకుంది. "కంట్లో పొర వచ్చి ఏళ్ళ తరబడి ఏమీ చదవలేకపోయాను. అతనే చదివి వినిపించేవాడు. చదివేటప్పుడు నేను చెప్పిందంతా ఉండేది. ఆపరేషనూ అతనే చేయించాడు, అద్దాలూ అతనే చేసిచ్చాడు. పెట్టుకుని ఏడు పుస్తకాలూ చదివాను. చూస్తే ప్రతి వారం ఒక్క లైను ఎగరగొట్టాడు. మొన్న గురువారం ఈ గుర్తులు చూపించి అడిగాను. కలం మూసుకుని వెళ్ళిపోయాడు."

"తన తప్పు కదా. రాయడానికి చెయ్యి రాలేదేమో."

"తన తప్పయితే రాశాడుగా! నాలుగు వందలసార్లు రాశాడు. అదేనమ్మా నాకు అంతుపట్టనిది. తనని కాపాడుకోవడానికైతే ఎగరగొట్టాల్సిన లైను అది. దాన్ని ఉంచి ఇంకోటి తీసేశాడు. ఎవరిని కాపాడుతున్నాడు?"

టేపక్కలో అనుమానం మళ్ళీ తల ఎత్తింది. ఆ రోజు స్టేషనులో ఇంకెవరున్నారు? పై అధికారా? డబ్బున్నవాడి కొడుకా? "ఆ లైనులో ఏముంది పెద్దమ్మా?"

పెద్దావిడ కలం మూత తీసి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, రెండూ టేపక్క ముందు పెట్టింది.

"ఇవాళ నువ్వు రాయి. అతను రాసేట్టు లేడు."

టేపక్క కూర్చుంది. మోచెయ్యి బల్ల మీద ఆన్చింది. సరిగ్గా అతని మోచెయ్యి ఆనే చోటు అది, చెక్క నున్నగా అరిగి ఉంది. పెద్దావిడ చెప్తుంటే రాసుకుంటూ పోయింది. నాలుగు గంటలు. బల్ల. వాలంటీరు ఒక్కడే. కలం తీశాడు.

"పేరు సగం రాశాడు," అంది పెద్దావిడ. "అప్పుడు ఫోను మోగింది."

టేపక్క రాసింది.

"ఎత్తి, నవ్వాడు. వస్తున్నా వస్తున్నా అన్నాడు. స్టూడియో వాణ్ణి కాస్త ఆగమను అన్నాడు. ఫోను పెట్టేసి, గడియారం చూసి, రేపు రండి అన్నాడు."

కలం 'స్టూ' దగ్గర ఆగిపోయింది.

ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. టేపక్కకు ఆ నడక తెలుసు. తలుపు తెరిచే ఉంది. అతను మామూలు చొక్కాలో, వట్టి తలతో, గుమ్మంలో నిలబడ్డాడు. భార్యను చూశాడు. ఆమె చేతిలో కలం చూశాడు. సగం రాసిన పేజీ చూశాడు.

"రాయకు," అన్నాడు.

పెద్దావిడ కొత్త అద్దాల్లోంచి అతని వైపు చూసింది. "ఎందుకు రాయకూడదు బాబూ?"

అతను కళ్ళజోడు తీశాడు. తుడుచుకోవడానికి చొక్కా అంచు వెతుక్కున్నాడు.

పెద్దావిడ మెల్లగా టేపక్క వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ముప్పై ఏళ్ళు తప్పులు పట్టిన కళ్ళు, అంతే.

"ఆ ఫోను చేసిందెవరో నీకు తెలుసా అమ్మా?"